బ్లూటూత్ తెగిపోతోందా? కొత్త హెడ్‌సెట్ కొనే ముందు సీపీయూ వెనక్కి ఒకసారి చూడండి

రాత్రి ఇషా తర్వాత సమయం. జనగామలో ఒక ఇంట్లో కూతురు డెస్క్‌టాప్ ముందు కూర్చుంది. అటువైపు రియాద్‌లో పనిచేసే తండ్రి. వారానికి ఒక్కసారి తీరికగా దొరికే వీడియో కాల్ అది.

"అబ్బా, మీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. మళ్లీ చెప్పండి."

"నాకైతే నీ బొమ్మ, మాట బాగానే వస్తున్నాయి బేటా. నెట్‌లో ఏం లేదు. నీ దగ్గరే ఏదో ఉంది, చూసుకో."

మహబూబాబాద్‌లో పెళ్లి కార్డులు టైప్ చేసే డీటీపీ దుకాణంలో ఇంకో రకం తిప్పలు. వైర్‌లెస్ కీబోర్డు మీద అక్షరం కొడితే కాసేపటికి గానీ తెరమీద పడదు. ఒక్కోసారి ఒకే అక్షరం నాలుగుసార్లు పడుతుంది. భూపాలపల్లిలో ఉద్యోగం కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్న కుర్రాడికి సరిగ్గా ప్రశ్న అడిగే వేళకే చెవిలో హెడ్‌సెట్ "డిస్‌కనెక్టెడ్" అంటుంది.

ఇవి ఏ ఒక్క ఇంటి కథలో కావు. డెస్క్‌టాప్‌కు బ్లూటూత్ పెట్టుకున్న చాలామందికి ఎదురయ్యేవే. ఇలా అయినప్పుడు అందరూ ముందు అనుమానించేది హెడ్‌సెట్‌నే. పాతది పక్కన పడేసి కొత్తది కొంటారు. రెండు రోజులకు అదీ అలాగే చేస్తుంది. ఎందుకంటే ఎక్కువసార్లు లోపం ఉండేది చెవి దగ్గర కాదు, సీపీయూ డబ్బా వెనకాల. అక్కడ సరిచేయడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ముందు ఐదు నిమిషాల పరీక్ష

ఏదైనా కొనే ముందు, ఏదైనా విప్పే ముందు ఈ పరీక్ష చేయండి. అదే హెడ్‌సెట్‌ను మీ ఫోన్‌కు కలపండి. ఫోన్‌ను సరిగ్గా కంప్యూటర్ ఉన్న చోటే పెట్టండి. ఏదైనా పాటో ప్రసంగమో పెట్టి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని వినండి. తర్వాత లేచి గదంతా తిరగండి.

ఫోన్‌తో మాట తెగకుండా వస్తే హెడ్‌సెట్ బాగానే ఉంది, లోపం కంప్యూటర్ వైపే ఉందని అర్థం. ఫోన్‌తో కూడా అలాగే తెగితే హెడ్‌సెట్ బ్యాటరీ పాతబడి ఉండొచ్చు, లేదా ఆ గదిలోనే సిగ్నళ్ల రద్దీ ఎక్కువై ఉండొచ్చు. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

పరీక్ష చేసేటప్పుడు కంప్యూటర్‌లో బ్లూటూత్ ఆపేయడం మరవొద్దు. లేదంటే హెడ్‌సెట్ మళ్లీ కంప్యూటర్‌కే అతుక్కుంటుంది.

అసలు బ్లూటూత్ అంటే ఎంత బలం?

బ్లూటూత్ ఒక చిన్న రేడియో. 1994లో స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ కంపెనీలో దీని మీద పని మొదలైంది. ఫోన్‌కు, చెవిలో పెట్టుకునే పరికరానికి మధ్య వైరు లేకుండా చేయాలన్నది అప్పటి ఆలోచన. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి దాన్ని అందరికీ ఒకే ప్రమాణంగా తెచ్చాయి.

ఇది నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బాటలో. మన దేశంలో ఈ బాటను తక్కువ బలంతో వాడేందుకు లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నిబంధనలు తెచ్చింది. లైసెన్స్ అక్కర్లేని బాట కాబట్టి అందరూ అందులోనే నడుస్తారు. ఇంట్లో వైఫై, పక్కింటి వైఫై, వైర్‌లెస్ మౌస్ అన్నీ అక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు అదే తరంగాల మీద.

ఆ రద్దీలో బ్లూటూత్ గొంతు చాలా చిన్నది. హెడ్‌సెట్లలో ఎక్కువగా వాడే 'క్లాస్ 2' రకం బ్లూటూత్ బలం గరిష్ఠంగా 2.5 మిల్లీవాట్లే. అది చేరే దూరం అడ్డేమీ లేకపోతే సుమారు 10 మీటర్లు అంటారు. వైఫై రూటర్ బలం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. సంతలో మైకు పెట్టి అరిచేవారి పక్కన చెవిలో గుసగుసలాడినట్టు ఉంటుంది బ్లూటూత్ పరిస్థితి.

అయినా అది నెగ్గుకొస్తుంది. పాటలు, మాటలు మోసే మామూలు బ్లూటూత్‌కు 79 చిన్న ఛానళ్లు ఉంటాయి. సెకనుకు 1,600 సార్లు ఒక ఛానల్ నుంచి ఇంకోదానికి దూకుతూ మాటను పంపుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి రద్దీగా ఉన్న ఛానళ్లను గుర్తించి తప్పించుకుని దూకడం కూడా నేర్చుకుంది. అందుకే ఫోన్‌తో అంత ఇబ్బంది రాదు. మరి డెస్క్‌టాప్‌తోనే ఎందుకు వస్తుంది?

ఫోన్‌కు లేనిది, డెస్క్‌టాప్‌కు ఉన్నది: ఇనుప డబ్బా

ఫోన్ జేబులోనో చేతిలోనో ఉంటుంది. దాని యాంటెన్నా చుట్టూ గాజు, ప్లాస్టిక్ ఉంటాయి. డెస్క్‌టాప్ సంగతి వేరు. సీపీయూ డబ్బా ఇనుప రేకుతో చేసింది. రేడియో తరంగం ఇనుము గుండా వెళ్లదు, తగిలి వెనక్కి మళ్లుతుంది. చిన్న బ్లూటూత్ డాంగిల్‌ను ఎక్కువమంది డబ్బా వెనకాల గుచ్చుతారు. ఆ డబ్బా టేబుల్ కింద అరలో ఉంటుంది. దాని వెనక గోడ. పక్కన చాలా ఇళ్లలో ఇనుప బీరువా. టేబుల్ కాళ్లు కూడా ఇనుపవే అయితే ఇక చెప్పక్కర్లేదు.

కూర్చున్న మనిషి కూడా అడ్డే. మన శరీరంలో ఎక్కువ భాగం నీరు. ఈ తరంగాలను నీరు పీల్చేసుకుంటుంది. డబ్బా కుడి కాలి దగ్గర, హెడ్‌సెట్ రేడియో ఎడమ చెవిలో ఉంటే ఆ చిన్న సిగ్నల్ ఇనుమును, గోడను, మనిషిని అన్నిటినీ దాటుకుని రావాలి. తల తిప్పినప్పుడల్లా మాట తెగడానికి కారణం ఇదే.

మొదటి మందు: ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు

డాంగిల్ వాడుతున్నవారు ముందుగా చేయాల్సింది ఇదొక్కటే. దాన్ని డబ్బా వెనక నుంచి పీకి, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు చివర గుచ్చి టేబుల్ మీదికి తేవాలి. మానిటర్ అంచునో, టేబుల్ మూలనో, కూర్చున్న మనిషికి ఎదురుగా కనపడేలా పెట్టాలి. కంటికి డాంగిల్ కనపడితే దాని సిగ్నల్‌కూ మీరు కనపడినట్టే. చిన్న సూత్రం, కానీ బాగా పనిచేస్తుంది.

వైరు కొనేటప్పుడు ఒక వైపు మగ పిన్ను, ఇంకో వైపు ఆడ పిన్ను ఉన్నదని చెప్పి అడగండి. ప్రింటర్ వైరు వేరు, అది పనికిరాదు. యూఎస్‌బీ 2.0 వైరు చాలు. బ్లూటూత్‌కు అంతకంటే వేగం అవసరం లేదు. మరీ పొడవైనదీ వద్దు, ఒకటి రెండు మీటర్లు సరిపోతుంది. హెడ్‌సెట్ ధర ముందు దీని ధర లెక్కలోకి రాదు.

వైరు తెచ్చేలోపు డాంగిల్‌ను వెనక నుంచి తీసి డబ్బా ముందు వైపు సాకెట్‌లో పెట్టి చూడండి. తేడా కనపడితే రోగం దొరికినట్టే.

నీలం రంగు సాకెట్ పక్కన పెట్టొద్దు

ముందు వైపు పెట్టినా, వెనక పెట్టినా ఒక జాగ్రత్త అవసరం. చాలా కంప్యూటర్లలో కొన్ని యూఎస్‌బీ సాకెట్ల లోపలి నాలుక నీలం రంగులో ఉంటుంది. అవి వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3.0 సాకెట్లు. నలుపు లేదా తెలుపు నాలుక ఉన్నవి మామూలుగా 2.0.

యూఎస్‌బీ 3.0లో డేటా పారుతున్నప్పుడు పుట్టే రేడియో గోల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో దీనిమీద సాంకేతిక పత్రం ఇచ్చింది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ గుచ్చి వాడుతుంటే పక్కనే ఉన్న వైర్‌లెస్ మౌస్ లాంటి పరికరాల సిగ్నల్ దెబ్బతింటుందని అందులో ఉంది. వైర్‌లెస్ రిసీవర్‌ను ఆ సాకెట్లకు దూరంగా పెట్టాలన్నదే దానికి విరుగుడు.

అంటే సినిమాలు, ఫొటోలు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తున్నప్పుడే హెడ్‌సెట్ తెగుతుంటే కారణం ఇదే కావచ్చు. డాంగిల్‌ను నలుపు సాకెట్‌కు మార్చండి. అన్నీ నీలం సాకెట్లే ఉంటే ఎక్స్‌టెన్షన్ వైరు వేసి దూరం జరపండి. డీటీపీ దుకాణాల్లో పెన్‌డ్రైవ్‌లు రోజంతా గుచ్చుతూ తీస్తూ ఉంటారు కాబట్టి వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇక్కడ ఒక మాట. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్‌లతో పాటు గోరంత రిసీవర్ వస్తే చాలావరకు అది బ్లూటూత్ కాదు, ఆ కంపెనీ సొంత రేడియో. కానీ అదీ 2.4 గిగాహెర్ట్జ్ బాటలోనే నడుస్తుంది. కాబట్టి మందు కూడా ఇదే.

డాంగిల్ లేదు, కంప్యూటర్‌లోనే బ్లూటూత్ ఉంటే?

కొత్త మదర్‌బోర్డుల్లో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిన్న కార్డులో వస్తున్నాయి. అలాంటి డబ్బా వెనక్కి చూస్తే బంగారు రంగులో మరలు ఉన్న రెండు చిన్న మొలకలు కనపడతాయి. అవి యాంటెన్నాలు బిగించే చోట్లు. చాలా ఇళ్లలో అవి బోడిగానే ఉంటాయి.

అసెంబుల్ చేసేటప్పుడు యాంటెన్నాలు మదర్‌బోర్డు అట్టపెట్టెలోనే ఉండిపోతాయి. ఇంట్లో నెట్‌కు వైరు ఉంది కదా, వైఫై వాడం, ఇవెందుకని వాటిని పక్కన పెట్టేస్తారు. ఆ యాంటెన్నాలు బ్లూటూత్‌కు కూడా అవసరమని చాలామందికి తెలియదు. యాంటెన్నా లేకుండా బ్లూటూత్ ఒక అడుగు దూరంలో కలుస్తుంది, నాలుగు అడుగులు జరిగితే తెగుతుంది. అందుకే "కలుస్తోంది కదా, బాగానే ఉంది" అనుకుని మోసపోతాం.

పాత అట్టపెట్టె అటక మీద ఉంటే దించి వెతకండి. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నవారికి అవి దొరక్కపోవచ్చు. అప్పుడు దుకాణంలో "వైఫై కార్డుకు ఆర్‌పీ-ఎస్‌ఎంఏ యాంటెన్నాలు" అని అడిగితే ఇస్తారు. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి రైల్లో సికింద్రాబాద్ వెళ్లేవారికి ఎవరైనా చెబితే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ సామాను దుకాణాలు వరుసగా ఉంటాయి. చేత్తోనే మరలు తిప్పి బిగించవచ్చు, పట్టకారు అక్కర్లేదు. మరీ గట్టిగా తిప్పితే మర చెడుతుంది.

వీటిలో తీగ ఉన్న రకం యాంటెన్నా అయితే ఇంకా మంచిది. డబ్బా వెనక కాకుండా టేబుల్ మీద నిలబెట్టుకోవచ్చు.

రూటర్‌ను కాస్త దూరం పెట్టండి

క్వార్టర్లలో, అపార్టుమెంట్లలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు ఉంటాయి. ఫోన్‌లో వైఫై తెరిస్తే పది పన్నెండు పేర్లు కనపడతాయి. పక్కింటి రూటర్లను మనం ఆపలేం గానీ, మన రూటర్‌ను సరిచేసుకోవచ్చు.

ఒకటి, రూటర్‌ను సీపీయూ డబ్బా మీద పెట్టొద్దు. రెండు మూడు మీటర్లు దూరం జరిపితే మేలు. రెండు, రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే కంప్యూటర్‌ను, ఫోన్లను దానిమీదికి మార్చండి. చాలా రూటర్లలో పేరు చివర "5జీ" అని కనపడుతుంది. ఇది మొబైల్ 5జీ కాదు, వైఫై రకం. దీంతో 2.4 బాట బ్లూటూత్‌కు ఖాళీ అవుతుంది. మూడు, డెస్క్‌టాప్ రూటర్‌కు దగ్గరే ఉంటే ల్యాన్ వైరుతో కలపడం అన్నిటికంటే మంచిది. వైఫై, బ్లూటూత్ ఒకే కార్డులో ఉంటే రెండూ ఒకే యాంటెన్నాను పంచుకుంటాయి. వైఫైకి వైరు ఇస్తే యాంటెన్నా మొత్తం బ్లూటూత్‌కే మిగులుతుంది.

మాట తెగడం లేదు, కానీ డొల్లగా వస్తోంది

ఇది ఇంకో రకం ఫిర్యాదు. దీనికి సిగ్నల్‌తో సంబంధం లేదు. పాట వింటే హెడ్‌సెట్ అద్భుతంగా ఉంటుంది. కాల్ మొదలవగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ రెండు పద్ధతుల్లో నడుస్తుంది. వినడం మాత్రమే అయితే మంచి నాణ్యత. మైకు కూడా తెరిస్తే 'హ్యాండ్స్‌ఫ్రీ' పద్ధతికి దిగిపోతుంది. పాత రకం హ్యాండ్స్‌ఫ్రీలో సెకనుకు 8,000 నమూనాలే వెళ్తాయి. కాబట్టి 4,000 హెర్ట్జ్ పైన ఉండే సన్నని ధ్వనులు చెవికి చేరవు. ఫోన్లో 'ఎఫ్' అంటే 'ఎస్' అని వినపడేది ఇందుకే.

ఆన్‌లైన్‌లో తజ్వీద్ నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. 'సే'కీ 'సీన్'కూ తేడా ఎక్కువగా ఆ సన్నని ధ్వనుల్లోనే ఉంటుంది. ఉస్తాద్ సరిగ్గానే పలుకుతారు, బిడ్డకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. బిడ్డ సరిగ్గా పలికినా ఉస్తాద్‌కు తప్పుగా వినపడొచ్చు. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో కూడా ఇదే తంటా.

దీనికి దారి సులభం. వినడానికి బ్లూటూత్ హెడ్‌సెట్, మాట్లాడటానికి వేరే మైకు పెట్టుకోవాలి. వెబ్‌క్యామ్‌లో ఉన్న మైకైనా, పిన్ను గుచ్చే మామూలు వైరు మైకైనా చాలు. జూమ్, గూగుల్ మీట్ లాంటి వాటి సెట్టింగుల్లో స్పీకర్ ఒకటి, మైకు ఇంకోటి ఎంచుకునే వీలుంది. విండోస్ 10లో ఒకే హెడ్‌సెట్‌కు 'స్టీరియో', 'హ్యాండ్స్‌ఫ్రీ' అని రెండు పేర్లు కనపడితే స్టీరియో ఉన్నదాన్ని స్పీకర్‌గా ఎంచుకోండి.

విండోస్‌లో చూడాల్సిన మూడు చోట్లు

స్థానం సరిచేశాక కూడా అప్పుడప్పుడు తెగుతుంటే సెట్టింగుల వైపు రావాలి.

మొదటిది కరెంటు పొదుపు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. బ్లూటూత్ వరుసలో మీ అడాప్టర్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే 'పవర్ మేనేజ్‌మెంట్' అనే ట్యాబ్ ఉంటుంది. పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే గడిలో టిక్ తీసేయండి. కాసేపు వాడకపోతే మౌస్ నిద్రపోయి మళ్లీ లేవకపోవడం దీంతో తగ్గుతుంది.

రెండోది డ్రైవర్. కంప్యూటర్ లేదా మదర్‌బోర్డు తయారుచేసిన కంపెనీ సొంత సైట్ నుంచే తీసుకోండి. డ్రైవర్లు ఉచితంగా ఇస్తామని ఎక్కడపడితే అక్కడ కనపడే ప్రోగ్రాములు వేసుకోవద్దు. వాటితో వైరస్ వచ్చే ప్రమాదం ఉంది.

మూడోది రెండు బ్లూటూత్‌ల గొడవ. కంప్యూటర్‌లో బ్లూటూత్ ఉండగానే కొత్త డాంగిల్ కొని గుచ్చుతారు. విండోస్ ఒకసారికి ఒకే బ్లూటూత్‌తో సరిగ్గా నడుస్తుంది. కొత్తది వాడాలంటే పాతదాన్ని డివైస్ మేనేజర్‌లో 'డిసేబుల్' చేయాలి. తర్వాత హెడ్‌సెట్‌ను పాత జాబితా నుంచి తొలగించి మళ్లీ కొత్తగా జత చేయాలి.

డాంగిల్ కొనక తప్పదంటే

పాత డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ అసలే లేకపోతే, ఉన్న డాంగిల్ చెడిపోతే కొనాల్సిందే. అట్టమీద "5.0", "5.3" అని పెద్ద అక్షరాలు చూసి మురిసిపోవద్దు. 2016 చివర వచ్చిన బ్లూటూత్ 5లో దూరం నాలుగింతలు అని చెప్పింది తక్కువ కరెంటుతో నడిచే వేరే రకం బ్లూటూత్ గురించి. మామూలు హెడ్‌సెట్‌లో పాట, మాట మోసే పద్ధతికి అది వర్తించదు. హెడ్‌సెట్ దూరానికి కావాల్సింది మంచి యాంటెన్నా, మంచి స్థానం. బయటికి నిలబడే యాంటెన్నా ఉన్న డాంగిల్ గోరంత డాంగిల్ కన్నా మేలు.

అట్టమీద రాసింది నిజమో కాదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ తెరిచి 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లో 'ఎల్‌ఎంపీ' పక్కన ఉన్న అంకె చూడండి. 6 అంటే బ్లూటూత్ 4.0. 8 అంటే 4.2. 9 అంటే 5.0. 10 అంటే 5.1. 11 అంటే 5.2. 12 అంటే 5.3. అట్టమీద 5.3 రాసి, ఇక్కడ 6 కనపడితే వెంటనే తిరిగి ఇచ్చేయండి. అందుకే బిల్లు తీసుకోవడం మరవొద్దు.

ఏ వరుసలో చేయాలి?

ముందు ఫోన్‌తో పరీక్ష. తర్వాత డాంగిల్ అయితే ఎక్స్‌టెన్షన్ వైరు, లోపలి కార్డు అయితే యాంటెన్నాలు. ఆపైన నీలం సాకెట్‌కు, రూటర్‌కు, బీరువాకు దూరం. తర్వాత విండోస్ సెట్టింగులు. చివరికి కొత్త డాంగిల్. హెడ్‌సెట్ కొనడం అన్నిటికంటే ఆఖరున. ఒక్కో మార్పు చేశాక ఒకరోజు వాడి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనితో బాగైందో తెలియదు.

ఇంటర్వ్యూ, పరీక్ష లాంటి మళ్లీ రాని సమయాలకు మాత్రం బ్లూటూత్‌ను నమ్ముకోకుండా మామూలు వైరు ఇయర్‌ఫోన్ ఒకటి టేబుల్ సొరుగులో ఉంచుకోవడం మంచిది. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు.

జనగామ ఇంట్లో ఆ అమ్మాయి చేయాల్సింది కూడా ఇంతే. కాల్ పెట్టే ముందు టేబుల్ కిందికి వంగి, డబ్బా వెనక గుచ్చిన ఆ గోరంత డాంగిల్‌ను బయటికి తీసి ముందు సాకెట్‌లో పెట్టడం. అక్కడ తేడా తెలిస్తే, మరుసటి రోజు ఒక మీటరు వైరు.